సెల్లు అయిపోతే మార్చుకునేలా ఉండాలి, అంతే కదా?

మొన్న దసరా సెలవలకి వచ్చిన మా అక్క కొడుకు పొద్దున్నే మంచం పక్కన నిలబడి "మావయ్యా, నా గేమ్ పోయింది" అన్నాడు. పోవడమేంట్రా అని కళ్లు నులుముకుంటూ హాల్లోకి వెళ్లి చూస్తే టీవీలో సూపర్ మారియో వరల్డ్, మారియో ఏ ఎంప్టీ, మారియో బీ ఎంప్టీ, మారియో సీ ఎంప్టీ, అంటే దాచుకున్న ఆటలన్నీ ఖాళీ. నాలుగు రోజులు అన్నం కూడా టీవీ ముందే తిని ఆడినోడు, మొహం ఇంతైపోయింది పాపం. "కింద పడేశావా?" అంటే "పడలేదు మావయ్యా, కొంచెం జారింది" అన్నాడు. క్యాసెట్ విప్పి చూశా. రెండేళ్ల కింద నా చేత్తో నేనే పెట్టిన బ్యాటరీ హోల్డర్లోంచి సీఆర్2032 అనే బటన్ సెల్లు సగం బయటికొచ్చి ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది.

ఈ సంగతి ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే ఇప్పుడు నేను వాదించబోయేది ఆ హోల్డర్ తరఫునే: పాత గేమ్ క్యాసెట్లో సెల్లు పోతే మళ్లీ సెల్లుని బోర్డుకి అతికించడం కన్నా, చేత్తో మార్చుకునేలా హోల్డర్ పెట్టడం మేలు అని. తర్వాత ఎవరో వచ్చి "నీ హోల్డరే కదా నీ కొంప ముంచింది" అనకుండా ఆ ముక్క నేనే అనేసుకుంటే పోతుంది.

తెలియనోళ్ల కోసం రెండు ముక్కలు. పాత గేమ్ క్యాసెట్లలో (కార్ట్‌రిడ్జ్ అని మనం ఏ రోజు అన్నాం, మనకది క్యాసెట్టే) గేమ్ ఉండేది రామ్ కాదు, రోమ్ చిప్పులో. అది మారదు, చెరగదు. మనం ఆడినదంతా దాచుకునేది మాత్రం ఎస్‌ర్యామ్ అనే ఇంకో చిన్న చిప్పులో, దానికి కరెంటు ఉన్నంతసేపే జ్ఞాపకం ఉంటుంది. కన్సోల్ (టీవీకి తగిలించే గేమ్ డబ్బా) ఆపేశాక ఆ కరెంటు ఎవరిస్తారు? లోపల బోర్డు మీద ఒక బటన్ సెల్లు కూర్చుని ఇస్తుంది. 1987లో అమెరికాలో బంగారు రంగు క్యాసెట్లో వచ్చిన నింటెండో వాళ్ల గేమ్ ద లెజెండ్ ఆఫ్ జెల్డాలో ఉన్నది ఇదే ఏర్పాటు. రీసెట్ బటన్ నొక్కి పట్టుకుని పవర్ ఆపండి అని అందులో చెప్పేవాళ్లు, ఎందుకంటే కరెంటు పడిపోతున్న ఆ క్షణంలో ప్రాసెసర్ పిచ్చి పిచ్చిగా ఏదో ఒకటి రాసేసి సేవ్ పాడుచేసే ప్రమాదం ఉంది. తర్వాత్తర్వాత వచ్చిన బోర్డుల్లో దీనికోసమే ఒక చిన్న కంట్రోల్ చిప్పు పెట్టారు, అది వోల్టేజ్ చూసుకుంటూ కన్సోల్ కరెంటు నుంచి సెల్లుకి మార్చి, ఆ మధ్యలో ఎస్‌ర్యామ్ తలుపులు మూసేస్తుంది.

మన దగ్గర ఈ బాధ తెలియకుండానే పెరిగాం మనం. తొంభైల్లో మనిళ్లలో ఉన్నవి నింటెండో వాళ్ల ఫామికామ్ అనే కన్సోల్‌కి నకలు డబ్బాలు, వాటి క్యాసెట్ల మీద లక్షల్లో గేములు అని రాసుంటుంది, లోపల ఉండేవి ఏ పదిహేనో, కాంట్రా, మారియో, ట్యాంకులు. సేవ్ అనే మాటే లేదు. కాంట్రాలో జలపాతం దాటి పైకెక్కుతుంటే కరెంటు పోయేది, వీధి మొత్తం ఒకేసారి "అబ్బా" అనేది, కరెంటొచ్చాక మళ్లీ మొదటి స్టేజీ. అందుకే 2001లో మా పెద్దమ్మ కొడుకు అమెరికా నుంచి వచ్చి గేమ్‌బాయ్ కలర్ (చేతిలో పట్టుకుని ఆడే నింటెండో డబ్బా), పోకెమాన్ సిల్వర్ క్యాసెట్ చేతిలో పెట్టి "ఆపేసి పడుకోరా, రేపు ఇక్కడి నుంచే మొదలవుద్ది" అన్నప్పుడు నేను నమ్మలా. ఆ రాత్రి మూడుసార్లు ఆపి ఆన్ చేసి చూసుకున్నా. మూడుసార్లూ కంటిన్యూ అని వచ్చింది.

ఇంజనీరింగ్ అయిపోయి, ఉద్యోగం వచ్చి, ఆ డబ్బా అటక మీద నుంచి దింపేసరికి కంటిన్యూ లేదు. న్యూ గేమ్, ఆప్షన్, అంతే. ఆ గేమ్‌లో నేను పెంచుకున్న నా టోటోడైల్ అనే పోకెమాన్‌ని ఎంత పెంచానో ఇక్కడ చెప్తే నవ్వుతారు కాబట్టి చెప్పను.

సిల్వర్ లాంటి వాటికి ఈ రోగం తొందరగా వస్తుంది. పోకెమాన్ గోల్డ్, సిల్వర్, క్రిస్టల్ మూడింట్లో లోపల ఒక గడియారం కూడా ఉంటుంది, రాత్రయితే గేమ్‌లో కూడా రాత్రవుద్ది, హూట్‌హూట్ అనే గుడ్లగూబ పోకెమాన్ రాత్రే దొరుకుతుంది. ఆ గడియారంలోని క్వార్ట్జ్ పలుకు సెకనుకి 32,768 సార్లు కొట్టుకుంటూనే ఉండాలి, మనం ఆడినా ఆడకపోయినా, అటక మీదున్నా. దానికీ కరెంటు లోపలున్న ఆ ఒక్క బటన్ సెల్లు, సీఆర్2025 నుంచే. గడియారం లేని క్యాసెట్ అయితే లెక్క వేరు. సీఆర్2032లో సుమారు 220 మిల్లీయాంప్‌అవర్లు ఉంటాయి, ఎస్‌ర్యామ్ ఒక మైక్రోయాంపు తాగుతుందనుకుంటే 2,20,000 గంటలు, అంటే పాతికేళ్లు. కాగితం మీద లెక్క ఇది, సెల్లు తనంతట తనే కూడా కొంచెం కొంచెం అరుగుతుంది కాబట్టి కొన్ని ముందే పోతాయి, కొన్ని మొండివి ఇంకా నడుస్తున్నాయి. కానీ సూపర్ నింటెండో (మా అక్క కొడుకు ఆడిన మారియో దీనిదే) క్యాసెట్లు 1990 నుంచి వచ్చాయి కదా, ఆ పాతిక ఎప్పుడో దాటిపోయింది. ఇప్పుడు నడుస్తున్నవన్నీ అరువు మీద నడుస్తున్నవే.

సరే, సెల్లు పోయింది, మారుద్దాం అనుకున్నా. ఇక్కడే నా కోపమంతా. ఆ సెల్లు మామూలుగా కూర్చోదు, దానికి రెండు రేకు ముక్కలు స్పాట్ వెల్డింగ్ చేసి, ఆ రేకుల్ని బోర్డుకి సోల్డర్ చేసి పెట్టారు. గోడ గడియారంలో సెల్లు అయిపోతే సోల్డరింగ్ ఐరన్ తెచ్చుకోమని ఎవరైనా అంటారా? అరిగిపోతుందని తెలిసిన వస్తువుని ఊడనివ్వకుండా బిగించడం ఏంటసలు.

నా మొదటి ప్రయత్నం టేపు. పాత రేకుల్ని సెల్లు నుంచి పీకేసి, కొత్త సెల్లు మధ్యలో దూర్చి, నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టేశా. పనిచేసింది. మూడు వారాలు. టేపు దగ్గర మోసం ఏంటంటే, కన్సోల్ ఆన్‌లో ఉన్నంతసేపు ఎస్‌ర్యామ్‌కి కరెంటు కన్సోల్ నుంచే వస్తుంది కాబట్టి లోపల కాంటాక్ట్ వదులైనా మనకి తెలీదు, సేవ్ అవుతుంది, లోడ్ అవుతుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది, ఆపిన తర్వాత మాత్రం ఏ రాత్రో పోతుంది. రెండోసారి మా ఏరియాలో ఫోన్లు బాగుచేసే ఒకతనికి ఇచ్చా. ఆయన రేకులు గీకులు పెట్టుకోకుండా డైరెక్టుగా సెల్లు ఒంటి మీదే ఐరన్ పెట్టి వైర్లు అతికించాడు. లిథియం సెల్లుకి అంత వేడి తగిలితే లోపల సీలు పాడవుద్ది, ఒక్కోసారి పేలుద్ది కూడా. నాది పేలలేదు, ఉబ్బింది. నెలన్నర తర్వాత క్యాసెట్ గేమ్‌బాయ్‌లో దూరడం మానేస్తే అప్పుడు తెలిసింది.

ఆ తర్వాతే నేను కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి, 25 వాట్ల ఐరన్, విక్ (పాత సోల్డర్‌ని పీల్చేసే రాగి జడ), సోల్డర్ పేస్టు కొనుక్కుని, పాడైపోయిన రేడియో బోర్డు మీద వారం ప్రాక్టీసు చేసి, నా పని నేను మొదలెట్టా. క్యాసెట్ విప్పడానికి 3.8 మిల్లీమీటర్ల ప్రత్యేకమైన బిట్టు కావాలి, అది మాత్రం గల్లీలో దొరకలేదు, ఆన్‌లైన్‌లో తెప్పించా.

ఇప్పుడు వాదన. రేకులు అతికించిన కొత్త సెల్లు కొని పాతదాని చోట సోల్డర్ చేయడమే అసలైన రిపేరు అని చాలామంది అంటారు. ఫ్యాక్టరీలో ఎలా ఉందో అలాగే ఉంటుంది, చూడ్డానికి నీటుగా ఉంటుంది, అమ్మేటప్పుడు రేటొస్తుంది. ఒప్పుకుంటా. కానీ ఆ రేకుల సెల్లు హైదరాబాద్‌లో నాకు ఏ షాపులోనూ దొరకలా, ఆర్డర్ పెడితే వారాలు పట్టింది, వచ్చింది ఎన్నాళ్ల పాతదో తెలీదు, బ్రాండు మీద నమ్మకం లేదు. మామూలు సీఆర్2032 అయితే మా సందు చివర మెడికల్ షాపులో ఉంటుంది, ఎందుకంటే మా నాన్న గ్లూకోమీటర్‌లో వేసేది కూడా అదే, కారు రిమోట్‌లో వేసేది కూడా అదే. హోల్డర్ ఒక్కసారి సోల్డర్ చేశామంటే ఇక ఆ బోర్డుకి ఐరన్ తగలక్కర్లేదు. ముప్పై ఏళ్ల నాటి బోర్డు మీద రాగి ప్యాడ్లు ఎలా ఉంటాయంటే, నాలుగుసార్లు వేడి చేస్తే అప్పడంలా లేచొచ్చేస్తాయి. ప్రతి పదిహేనేళ్లకీ ఎవరో ఒకరు, నాకన్నా చేతకానోళ్లు, ఆ ప్యాడ్ల మీద ఐరన్ పెట్టడం కన్నా ఇప్పుడే జాగ్రత్తగా ఒకసారి పెట్టేసి వదిలేయడం మేలు కాదా?

పైగా ఇదేదో కొత్తగా కనిపెట్టిన విద్య కాదు. మీ కంప్యూటర్ మదర్‌బోర్డు చూడండి, తేదీ, టైమ్, సెట్టింగులు పోకుండా ఉండటానికి అదే సీఆర్2032, హోల్డర్లో, గోరుతో లాగితే వచ్చేస్తుంది. సెగా వాళ్లు 1994లో శాటర్న్ కన్సోల్ చేసినప్పుడు వెనకాల చిన్న తలుపు పెట్టి లోపల సెల్లు చేత్తో మార్చుకునేలా ఇచ్చారు. దాన్లో సెల్లు తొందరగా అయిపోయేది, అది వేరే సంగతి, కానీ అయిపోతే మార్చుకునేవాళ్లు. అసలు నింటెండో వాళ్లకే ఈ విషయం తెలుసు. 1984లో ఫామికామ్‌కి ఫ్యామిలీ బేసిక్ అని కీబోర్డుతో పాటు ఒక క్యాసెట్ అమ్మారు, పిల్లలు ప్రోగ్రాములు రాసుకోడానికి. రాసినది పోకుండా ఉండటానికి ఆ క్యాసెట్లో రెండు పెన్సిల్ సెల్లులు వేసుకునే గది ఉంది. టీవీ రిమోట్‌లో వేసుకున్నట్టే. జెల్డాకి వచ్చేసరికి ఆ గది పోయింది, వెల్డింగ్ వచ్చింది. చవక, చిన్నగా ఉంటుంది, పదేళ్ల తర్వాత ఈ ఆట ఎవడాడతాడులే అనుకుని ఉంటారని నా అనుమానం.

పిల్లలు మింగేస్తారు కదా అనే మాట మాత్రం కొట్టిపారేసేది కాదు. 20 మిల్లీమీటర్ల లిథియం సెల్లు పసిపిల్లల గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవడం మొదలవుతుంది, ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు. కానీ క్యాసెట్‌లో హోల్డర్ పెట్టినంత మాత్రాన సెల్లు బయటికేం రాదు, పైన షెల్లు ఉంది, దానికి ఆ దిక్కుమాలిన ప్రత్యేకమైన స్క్రూలున్నాయి. తీసిన పాత సెల్లుని మాత్రం రెండు వైపులా టేపు వేసి ఎత్తున పెట్టండి, టేబుల్ మీద వదిలేయకండి.

ఇక అసలు సెల్లే వద్దు అనే వర్గం. వాళ్లు ఎస్‌ర్యామ్ చిప్పు పీకేసి దాని చోట ఎఫ్‌ర్యామ్ వేస్తారు, ఎఫ్‌ఎం1808 లాంటిది, 32 కిలోబైట్లు, కాళ్లు కూడా దాదాపు అదే వరసలో ఉంటాయి, కరెంటు లేకపోయినా మర్చిపోదు. వినడానికి అద్భుతం. నేనూ ఒకటి చేద్దామని బయల్దేరా. 28 కాళ్ల చిప్పుని పాత బోర్డు నుంచి పీకడం సెల్లు పీకినంత ఈజీ కాదు, అది మొదటి మాట. రెండోది, ఎఫ్‌ర్యామ్ తీరు కొంచెం తేడా: చిప్పుని పనికి పిలిచే చిప్ ఎనేబుల్ సిగ్నల్ కిందికి పడిన ఆ క్షణంలోనే అడ్రస్ (ఏ గడిలో చదవాలో రాయాలో) పట్టేసుకుంటుంది, మామూలు ఎస్‌ర్యామ్ అయితే ఆ సిగ్నల్‌ని కిందే ఉంచి అడ్రస్ మారుస్తూ పోయినా పలుకుతుంది. బోర్డు డిజైన్ ఆ రెండో పద్ధతి మీద ఆధారపడి ఉంటే సేవ్ గల్లంతు. ఏ బోర్డుకి పడుద్దో ఏ బోర్డుకి పడదో ఒక్కొక్కటీ చూసుకోవాలి. మూడోది, నా సిల్వర్‌కి ఇది అసలు మందే కాదు, సేవ్ నిలుస్తుందేమో గానీ గడియారం నడవాలంటే సెల్లు ఉండాల్సిందే. చేతనైనోళ్లు చేసుకోండి, నేను కాదనను. కానీ "అసలు పార్టు" గురించి లెక్చర్లిచ్చేవాళ్లు హోల్డర్‌ని తిట్టి చిప్పు మార్చడాన్ని మెచ్చుకుంటే మాత్రం నాకు నవ్వొస్తుంది. పోయిన సెల్లు చోట సెల్లు పెట్టినోడు ద్రోహి, బతికున్న చిప్పు పీకినోడు నిపుణుడూనా?

హోల్డర్ ఓడిపోయే చోటు ఒకటుంది, అది గేమ్‌బాయ్. సూపర్ నింటెండో క్యాసెట్ లోపల బోలెడు ఖాళీ, మదర్‌బోర్డు హోల్డర్ హాయిగా పడుతుంది, కాళ్లు బోర్డు బొక్కలకి సరిగ్గా రాకపోతే రెండు చిన్న వైరు ముక్కలతో సరిపెట్టొచ్చు. గేమ్‌బాయ్ క్యాసెట్ అలా కాదు, సీఆర్2025 మందమే రెండున్నర మిల్లీమీటర్లు, దాని కింద హోల్డర్ కూడా పెడితే షెల్లు మూసుకోదు. నేను మూయించా. లోపల ప్లాస్టిక్ గోడల్ని కట్టర్‌తో చెక్కి, ఆకురాయి పెట్టి రుద్ది, బలవంతంగా స్క్రూ బిగించా. ఇప్పటికీ ఆ క్యాసెట్ కడుపుతో ఉన్నట్టు ఉంటుంది, గేమ్‌బాయ్‌లోకి తోస్తుంటే గీసుకుపోతుంది. ఇరవై ఏళ్లు దాచుకున్న వస్తువు మీద కట్టర్ పెట్టినందుకు నన్ను నేను ఇంకా తిట్టుకుంటూనే ఉన్నా. అందుకే గేమ్‌బాయ్ వరకు నా మాట మార్చుకున్నా: మంచి కంపెనీ రేకుల సెల్లు తెప్పించుకోండి, సోల్డర్ చేయండి, మార్చిన నెల, సంవత్సరం మార్కర్‌తో దాని మీదే రాయండి. తర్వాతి గేమ్‌బాయ్ అడ్వాన్స్ కాలం నాటి పోకెమాన్ రూబీ, సఫైర్‌కి ఈ గొడవే లేదు, వాటిల్లో సేవ్ ఫ్లాష్ మెమరీలో ఉంటుంది, సీఆర్1616 సెల్లు గడియారం కోసం మాత్రమే. సెల్లు అయిపోయిందని గేమే చెప్తుంది, ఆడుకోనిస్తుంది కూడా.

(పక్కమాట: ఎవరైనా అదే కాలం నాటి పోకెమాన్ ఫైర్‌రెడ్ అమ్ముతూ "కొత్త బ్యాటరీ వేయించా బ్రో" అంటే కొనకండి. అసలు ఫైర్‌రెడ్‌లో బ్యాటరీ ఉండదు.)

హోల్డర్ వల్ల వచ్చే పెద్ద సుఖం నాకు వాడాకే తెలిసింది. రేకుల సెల్లు మార్చాలంటే సేవ్ పోవాల్సిందే, లేదంటే కరెంటు ఉన్న బోర్డు మీదే ఐరన్ పెట్టాలి, ఎర్త్ ఉన్న ఐరన్ అయితే ఒక్క తప్పుడు చోట తగిలితే షార్టు. హోల్డర్ ఉంటే షెల్లు తీసేసి బోర్డుని కన్సోల్‌లో పెట్టి ఆన్ చేయడమే, ఎస్‌ర్యామ్‌ని కన్సోల్ చూసుకుంటుంది, ఈలోపు పాత సెల్లు తీసి కొత్తది నొక్కేయడమే. ఇనప పట్కారు వాడకండి, వేలితోనో ప్లాస్టిక్ పుల్లతోనో తీయండి. షెల్లు లేని బోర్డు తిరగేసి పెట్టినా స్లాట్‌లోకి దూరిపోతుంది, కాబట్టి ఏ వైపు ముందుకి ఉండాలో విప్పకముందే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. నేను హోల్డర్ రెండు కాళ్ల మధ్య 10 మైక్రోఫారడ్ల సిరామిక్ కెపాసిటర్ కూడా ఒకటి వేస్తా. మైక్రోయాంపు లెక్కన అది సెకనుకి పదో వంతు వోల్టు చొప్పున ఖాళీ అవుతుంది, అంటే మూడు వోల్టుల నుంచి ఎస్‌ర్యామ్ తట్టుకునే రెండు వోల్టులకి రావడానికి రమారమి పది సెకన్లు. కాంటాక్ట్ ఒక్క క్షణం అదిరినా గేమ్‌కి తెలీదు.

ఇదంతా ఎందుకు, ముందు సేవ్‌ని కంప్యూటర్లోకి దింపేసుకోవచ్చు కదా అంటే, కచ్చితంగా, అదే మొదటి పని. గేమ్‌బాయ్‌కి జీబీఎక్స్‌కార్ట్ లాంటి రీడర్లున్నాయి, చాలా కన్సోళ్లకి కలిపి ఆర్డుయినో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డుతో చేసుకునే ఓపెన్ సోర్స్ రీడర్ ఉంది. నా సిల్వర్ సేవ్ మొత్తం 32 కిలోబైట్లు. మా బాబాయ్ వాట్సాప్‌లో పంపే గుడ్ మార్నింగ్ గులాబీ పువ్వు దీనికన్నా పెద్దది.

మల్టీమీటర్ పెట్టి 2.9 వోల్టులు చూపిస్తోంది, ఇంకా బాగానే ఉంది అని నిశ్చింతగా ఉండేవాళ్లకి ఒక మాట: ఈ లిథియం సెల్లుల వోల్టేజ్ చివరి దాకా దాదాపు అలాగే ఉండి, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. అలాగే చార్జ్ అవుతాయి కదా అని అచ్చం ఇదే సైజులో ఉండే ఎల్‌ఐఆర్2032 కొని పెట్టకండి. ఈ బోర్డుల్లో చార్జింగ్ ఏర్పాటే లేదు, వెనక్కి కరెంటు పోకుండా అడ్డం కూడా పెట్టారు, పైగా దాని వోల్టేజ్ నాలుగు దాటుతుంది.

మళ్లీ మా అక్క కొడుకు దగ్గరికి. ఆ సెల్లు ఎందుకు జారిందంటే నేను కక్కుర్తిపడి గల్లీలో డజను లెక్కన కొన్న హోల్డర్లలో ఒకటి పెట్టా, స్ప్రింగు రేకు పల్చన, రెండేళ్లకే బిగువు పోయింది. సెల్లు పూర్తిగా జారిపోతే కెపాసిటర్ మాత్రం ఏం చేస్తుంది, పది సెకన్లు మోస్తుంది, పాపం అంతే. పాత ఖరాబు మదర్‌బోర్డు నుంచి ఒక గట్టి హోల్డర్ పీకి దాని చోట వేశా, షెల్లు మూసేటప్పుడు సెల్లు వెనకాల కొంచెం ఫోమ్ ముక్క పెట్టా, ఇక జరగడానికి చోటు లేదు. అవును, దానికోసం ఆ ప్యాడ్ల మీద మళ్లీ ఐరన్ పెట్టాల్సొచ్చింది, పైన నేను చెప్పిన నీతి నాకే తగిలింది, ఒక ప్యాడ్ కొంచెం లేచింది కూడా. హోల్డర్ దగ్గర పది రూపాయలు మిగుల్చుకోకండి.

వాడు సెలవలైపోయి ఊరెళ్లేలోపు ఆ క్యాసెట్ ఇంకో రెండుసార్లు "కొంచెం జారింది". రెండుసార్లూ పెట్టి చూశాం, మారియో ఏ దగ్గర సేవ్ అలాగే ఉంది. మూడోసారి జారింది కన్సోల్. ఆ సంగతి మా అక్కకి ఇంకా చెప్పలేదు.